మల్లి నడిగినవా రెవ్వరు?

చలనచిత్రములనుగూర్చి తీరికగా ఆలోచించుట బడిపంతులకు తగని పనియని తలంచు పెద్దలు ఇంకను కొందఱు కలరు. దృశ్యకావ్యము రమ్యమని ఉదయము తరగతిలో పాఠము చెప్పి, సాయంకాలము తెరమీద నాడు దృశ్యమును తక్కువచేసి మాటలాడుట మాకు చేతకాదు. అదియునుగాక మేము ఒక తెలుగు దర్శకుని చిత్రములను బాల్యమునుండి యిష్టపడి చూచుచున్నవారము. దూరదర్శనమున వచ్చిన దినములలో ఇరుగుపొరుగు పిల్లలతో చాపమీద గూర్చుండి చూచితిమి. ఇప్పుడు రాత్రి జవాబుపత్రములు దిద్దుట ముగిసిన పిమ్మట, అరచేతిలో నిముడు ఫోనులో చూచుచున్నాము. తెర చిన్నదైనది, ఇష్టము మాత్రము తగ్గలేదు. ఆ దర్శకుడు బి. ఎన్. రెడ్డిగారు.

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు 1908లో కడపజిల్లాయందు పులివెందుల ప్రాంతమున జన్మించిరి. మొదట హెచ్. ఎం. రెడ్డిగారితో గూడి రోహిణీ సంస్థ పక్షమున 'గృహలక్ష్మి' (1938) నిర్మాణమున పాలుగొని, పిమ్మట మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థను నెలకొల్పిరి. విజయా సంస్థకును 'చందమామ'కును పేరుతెచ్చిన నాగిరెడ్డిగారు వీరి తమ్ములే. 1939లో వచ్చిన 'వందేమాతరం' మొదలుకొని 1969 నాటి 'బంగారు పంజరం' వఱకు ముప్పదియేండ్లలో రెడ్డిగారు దర్శకత్వము వహించినవి పదునొకండు చిత్రములు మాత్రమే. అనగా సగటున మూడేండ్లకొకటి. 1974వ సంవత్సరమునకుగాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వారిని వరించెను. దక్షిణదేశమున దానిని మొట్టమొదట పొందినవారు వారే. 1977లో దివంగతులైరి.

వారి చిత్రములను మెచ్చువారు సాధారణముగా మెచ్చునవి మూడు: సంగీతము, దృశ్యశోభ, సంయమము. ఈ మెచ్చికోలుతో మాకు పేచీ లేదు. కాని ఒక కవి కావ్యములన్నియు వరుసగా చదివినవానికి ఆ కవి మఱలమఱల తడవి చూచుకొను గాయ మొకటి యెట్లు పట్టువడునో, అట్లే ఈ పదునొకండు చిత్రములను వరుసగా చూచినవారికి ఒక ప్రశ్న పట్టువడును. ఆ ప్రశ్నను పాత్ర లెవ్వరును పైకి అడుగరు. అడుగకపోవుటయే కథ యగును. ఇంటిలోని ఆడుపిల్ల జీవితమును ఇంటివారో ఊరివారో రాజుగారో తీర్చిదిద్దుదురు. అందఱును మంచివారే. ఆమెను మాత్రము ఒక్కరును అడుగరు.

మొదటి చిత్రమగు 'వందేమాతరం'లో నిరుద్యోగము, వరకట్నము అను రెండు బాధలు పెనవేయబడినవి. చిత్తూరు నాగయ్యగారును కాంచనమాలగారును అందు ప్రధాన పాత్రధారులు. దానికి ముందటి యేడే, 1938లో, గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' వచ్చి యాంధ్రదేశమును కదలించి యుండెను. రామబ్రహ్మముగారు సభావేదిక మీదినుండి పలికినట్లు పలుకుదురు. ఆ కంఠమునకు అంతటి గుండెబలము కలదు. రెడ్డిగారు వీధియరుగు మీద గూర్చుండి మెల్లగా ముచ్చటించు గృహస్థు. ఈ రెండును మనకు కావలసినవే. అయినను గృహస్థుని మాట వంటయింటిదాక వినబడును. వేదికమీది మాట అంతదూరము పోవుట అరుదు.

'సుమంగళి' (1940) సంస్కరణపక్షమువారి హృదయమునకు మిక్కిలి చేరువైన చిత్రము. వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. దాదాపు అఱువదియేండ్ల పిమ్మట, పంతులుగారి మూర్తిని మనస్సునం దుంచుకొని మలచిన వృద్ధుని పాత్రను నాగయ్యగారు ధరించిరి. అప్పటికి నాగయ్యగారికి నలువదియేండ్లు నిండలేదు. చూచువారికి ఆ సంగతి తోపదు. వితంతువివాహ విషయమున అప్పటికే చట్టమున్నది, ఉపన్యాసము లున్నవి, కరపత్రము లున్నవి. రెడ్డిగారు వానికి చేర్చిన దేమన, ఊహ తెలియని వయస్సున పెండ్లియై, ఆ పెండ్లి యేమో తెలియకమునుపే వైధవ్యము ప్రాప్తించిన పిల్ల ముఖము. తాళి కట్టినప్పు డామె నెవ్వరు నడుగలేదు, తీసివేసినప్పుడును అడుగలేదు. తనకేమి జరిగినదో ఆ పిల్లకు పరులు చెప్పవలసి వచ్చెను. వితంతువుల దుఃఖమును వర్ణించిన గ్రంథములు మనకు కొల్లలు. ఆ దుఃఖమునకు ముందు ఉండు ఈ అజ్ఞానమును, తన బ్రతుకు తనకే తెలియనీయని పెద్దల మౌనమును, ఇంత స్పష్టముగా చూపినవి కొన్నియే.

'దేవత' (1941) విషయమున మేము కొంత యాగవలసి యున్నది. సీమకు పోయి చదువుకొని వచ్చిన యువకుడు వేణు, ఇంటి దాసి లక్ష్మిని లొంగదీసికొనును. ఆమె గర్భవతి యగును. సంబంధము వేఱొకచోట కుదురును. డబ్బిచ్చి యీ సంగతి ముగింపజూచినవానికి ఆ దాసిపిల్ల తలయొగ్గదు. నాగయ్యగారు వేణువు, కుమారిగారు లక్ష్మి. ఈ కథను మేము మొదట చూచినప్పుడు మాకు తోచినది శాకుంతలము. ఎట్టి శాకుంతలము? కాళిదాసునిది కాదు. కాళిదాసు తన నాయకుని కాపాడుటకు దుర్వాసుని పిలిచికొని వచ్చెను. శాపము తగిలినది గావున రాజు మఱచెను, మఱచెను గావున నిర్దోషి. మహాభారతము ఆదిపర్వమున ఈ శాపము లేదు. అక్కడి దుష్యంతునకు అంతయు జ్ఞాపకమే. సభలో శకుంతలను చూచి, ఎఱిగియుండియే, నీ వెవ్వతెవని పలుకును. తరగతిలో ఈ భేదమును చెప్పినప్పుడు పిల్లలు నివ్వెఱపోవుదురు. నాటకమున తాము జాలిపడిన రాజు మూలకథయందు ఇట్టివాడా యని.

రెడ్డిగారి వేణువు భారతములోని దుష్యంతుడు. అతనికి శాపము లేదు, మఱపు లేదు. చదువు కలదు, మర్యాద కలదు, తల్లిమీద గౌరవము కలదు. ఇన్ని సద్గుణములు గలవాడు ఇంతపని యెట్లు చేసెనని చూచువాడు తన్ను తాను ప్రశ్నించుకొనును. అతడు దుర్మార్గుడైనచో మనకు సుఖముగా నుండెడిది. మన యిండ్లలో పనిచేయువారిని మనము పేరుపెట్టి పిలుతుము, పాతచీర లిత్తుము, పండుగనాడు పిండివంట పెట్టుదుము. ఇంతమాత్రమున వారియెడ మనకు ధర్మలోపము లేదనుకొందుము. 1941లో ఒక దాసిని కథానాయికను చేసి, ఆమెకు 'దేవత' యని పేరిడి, ఆ పేరును నిందగాగాని పరిహాసముగాగాని కాక నిక్కముగా నిలుపుట చిన్న సాహసము కాదు. అట్లని మాకు ఆ పేరు పూర్తిగా రుచింపదు. దాసిని మనిషిగా చూడలేనివారు దేవతగా చూచుటకు తొందరపడుదురేమో యని యొక శంక. లక్ష్మికి కావలసినది పూజ కాదు గదా.

ఈ మూడు తొలిచిత్రములకు సంభాషణలు సమకూర్చిన సముద్రాల రాఘవాచార్యులుగారిని, ఛాయాగ్రహణమున రామనాథ్‌గారిని, కళాదర్శకులగు శేఖర్‌గారిని ఇచ్చట స్మరింపకున్న అన్యాయ మగును. దర్శకుని ప్రశంసించునప్పుడు తక్కినవారు చీకటిలో పడిపోవుట తఱచు జరుగుచుండును. బడిలో మంచిఫలితములు వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుని ఛాయాచిత్రము పత్రికలో పడినట్లు.

'స్వర్గసీమ' (1945) ప్రజలకు ప్రియమైనది. మాకు దానితో తగవు కలదు. పత్రికానిర్వాహకుడగు మూర్తి, గుణవంతురాలగు కల్యాణిని, పిల్లలను విడనాడి, వీధులలో ఆటపాటలతో జీవించు సుబ్బియను పిల్లను నటీమణిగా తీర్చి, ఆమె వలలో తానే చిక్కుకొనును; తుదకు భార్యకడకే చేరును. నాగయ్యగారు మూర్తి, జయమ్మగారు కల్యాణి, భానుమతిగారు సుబ్బి. పావురముతో ముచ్చటించు ఆ పాట భానుమతిగారి పేరును ఇంటింట మ్రోగించినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తెరవెనుక గాయకులుగా తొలుదొల్త వినబడినదియు నిందే. చక్రపాణిగారి మాటలలో పదును కలదు. ఇంతవఱకు బాగు.

కాని సుబ్బి చేసిన నేర మేమి? కూటికి లేని పిల్ల. గొంతు కలది, తెలివి కలది. ఒక పెద్దమనిషి వచ్చి, నీకు పేరు మార్చెదను, నడక మార్చెదను, భాష మార్చెదనని చెప్పి సుజాతను చేసెను. ఆమె పైకి వచ్చెను. పైకి వచ్చినపిమ్మట ఆ పెద్దమనిషి చేతిలోని బొమ్మగా నుండ నొల్లకపోయెను. కథ ఆమెను మాయలాడిగా చూపి, ఇల్లు విడిచిన పురుషుని దారితప్పిన బాటసారిగా చూపును. ఇక కల్యాణి మాటయో? భర్త తిరిగి వచ్చినపుడు తలుపు తెఱచుట ఆమె ధర్మ మని చిత్రము తలంచును. తెఱవవలెనని యున్నదా యని ఆమె నెవ్వరు నడుగరు. ఈ వాదమును మేము మా యింట చెప్పినప్పుడు మా గృహిణి యిట్లనెను: "మీరు సుబ్బి పక్షాన మాట్లాడుతున్నారు, బాగానే ఉంది. కల్యాణి అన్నాళ్లు పిల్లలతో ఎట్లా బతికిందో ఆ లెక్క మీరూ అడగలేదు, ఆ సినిమా తీసిన ఆయనా సరిగా చూపలేదు. ఆ చిత్రం ఎవరైనా తీస్తే నేను చూస్తాను." ఆ చిత్రమును ఎవరైనను తీసిరా యని వెదకుచున్నాము.

దాని వెనుక ఆఱేండ్లు రెడ్డిగారు దర్శకత్వము వహింపలేదు. 1951 డిసెంబరులో వచ్చినది 'మల్లీశ్వరి'. ఇందలి పాటలును మాటలును కృష్ణశాస్త్రిగారివి. చలనచిత్రమునకు వారు చేసిన తొలిరచన యిదియే. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. నాగరాజుగా ఎన్. టి. రామారావుగారు, మల్లిగా భానుమతిగారు. తెలుగుదేశమున ఈ చిత్రమును మెచ్చనివారు లేరు. మెచ్చుటయందే ఒక చిక్కు కలదు. మెచ్చుచు మెచ్చుచు మనము దానిని పాటల పేటికగా, నెమలికన్నువలె పుస్తకములో దాచుకొను వస్తువుగా చేసికొంటిమి. అది కోమలమైన చిత్రమే. ఆ కోమలత్వము క్రింద కత్తి యొకటి యున్నది.

కథ చదువరు లెఱిగినదే. బావామఱదండ్రగు నాగరాజును మల్లియు సంతనుండి వచ్చుచు వానకు తడిసి యొక మండపమున చేరుదురు. మాఱువేషమున నున్న కృష్ణదేవరాయలును అల్లసాని పెద్దనగారును అక్కడికే వత్తురు. మల్లి ఆట చూచి, పాట విని, వారు సంతసింతురు. వారెవరో యెఱుగని నాగరాజు వేడుకగా, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకి పంపింపుమనును. రాజు దానిని కోరికగా గ్రహించును. కొంతకాలమునకు నిజముగానే పల్లకి వచ్చును. తల్లి నాగమ్మ పొంగిపోవును. రాణివాసము చేరిన స్త్రీకి బయటివారితో పొత్తు ఉండరాదు గావున మల్లికి తన బావ చూపుసైతము కఱవగును.

ఇందులో ఖలుడెవ్వడు? వెదకినను దొరకడు. పరిహాస మాడినవాడు ఆమెను ప్రాణముగా చూచుకొను పురుషుడు. ఆ పరిహాసమును నిజముచేసినవాడు గుణగ్రాహియగు మహారాజు. పల్లకి యెక్కినది మాత్రము మల్లి. రాయలవారు ఆమెకు గొప్ప యుపకారము చేసితినని తలంచుచున్నారు. వారి తలంపులో కల్మషము లేదు. తల్లికి కూతుటి మీద ప్రేమ లేకపోలేదు. ధనమే సుఖమని నమ్మినది, అంతే. ఇట్లు నలువురు మంచివారు నాలుగు దిక్కుల నిలిచి ఒక పిల్లచుట్టు గోడ కట్టిరి. రాణివాసమున ఉషాపరిణయము ఆడింతురు. బాణాసురుని కూతురు ఉషకు చెలికత్తె చిత్రరేఖ యుండెను. పటము వ్రాసి, మాయచేత అనిరుద్ధుని తెచ్చి యిచ్చెను. మల్లికి ఆ భాగ్యము నాటకములోనే. వెలుపల ఆమెకు జలజ యను చెలి కలదు. జలజకు మాయ రాదు, భయము మాత్రము వచ్చును. ఆ భయముతోనే ఆమె సాయపడును. పురాణకథకును మానవకథకును గల దూరమును ఇంత చక్కగా కొలిచిన ఘట్టము మేము మఱియొకటి యెఱుగము.

తుదకు ప్రేమికు లిరువురును పట్టువడి మరణదండనము ముంగిట నిలుతురు, రాయలు క్షమించును. చూచువారు కన్నీరు తుడిచికొని లేచి పోవుదురు. మేము మాత్రము ఆ క్షమ యను మాటదగ్గఱ ప్రతిసారియు ఆగిపోవుదుము. ఎవరు ఎవరిని క్షమింపవలసినది?

ఈ ప్రశ్న మా బుద్ధికి తట్టుటకు కారణము మా పాఠశాలలోని యొక పిల్ల. కొన్ని యేండ్ల క్రిందట పదవతరగతివారికి రాయలయుగము పాఠము వచ్చినప్పుడు, ప్రొజెక్టరు తెప్పించి, రెండు శనివారములలో రెండు భాగములుగా ఈ చిత్రమును చూపించితిమి. మగపిల్లలు మొదట గోల చేసిరి. వానపాట వచ్చునప్పటికి సద్దుమణిగిరి. రెండవ శనివారము ముగిసినపిమ్మట సందేహము లున్నచో అడుగుడంటిమి. రాయలవారి కాలమునుగూర్చియో శిల్పమునుగూర్చియో అడుగుదురని మా యూహ. వెనుకవరుస పిల్ల యొకతె లేచి, "సార్, పల్లకీ పంపేముందు రాజుగారు మల్లిని అడిగారా?" అనెను. తరగతి యంతయు నవ్వెను. "రాజుగారు అడగడమేంటే?" అని యొక బాలుడు పలికెను. "లేదమ్మా, అడుగలేదు" అని మేము చెప్పితిమి. ఆ పిల్ల యింకేమియు అనక గూర్చుండెను. నవ్వినవారును నవ్వు మానిరి.

మూడేండ్లు గడచెను. గత మాఘమాసమున ఆ పిల్ల తండ్రి శుభలేఖవంటి చిఱునవ్వుతో మా యింటికి వచ్చెను. పిల్ల అప్పటికి డిగ్రీ తరగతిలో చేరి ఒక యేడు ముగియవచ్చుచున్నది. "మంచి సంబంధం మాష్టారూ. కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం. వాళ్లంతట వాళ్లే వచ్చారు. మీరు తప్పకుండా రావాలి" అనెను. "అమ్మాయిని అడిగారా?" అంటిమి. ఆయన నవ్వి, "దాన్ని అడిగేదేముందండీ, దానికేం తెలుసు? మేం దాని మంచికే గదా చేసేది" అనెను. ఆ తండ్రి మంచివాడు. కూతురి చదువుకై ఎడ్లను అమ్మినవాడు. బాల్యవివాహముల నిషేధించు 2006 నాటి చట్టము ఇచ్చట నోరెత్తదు. పిల్లకు పదునెనిమిదేండ్లు నిండినవి. చట్టము వయస్సును లెక్కించును. ఇష్టమును లెక్కించుటకు ఇంటివారే కావలెను.

మఱునాడు మేమును మా గృహిణియు వారింటికి పోయితిమి. మేము వీధిలో మంచముమీద గూర్చుండి వానలనుగూర్చియు ధరలనుగూర్చియు మాటలాడుచుండగా, మా గృహిణి పెరటిలో ఆ పిల్లతో మాటలాడెను. పిల్లకు వరునిమీద ఏ యాక్షేపణమును లేదు. చదువు ముగించి ఉపాధ్యాయశిక్షణ పొందవలెనని కోరిక. పెండ్లికి ముందు అతనితో ఒకసారి మాటలాడవలెనని రెండవ కోరిక. అంతే. ఈ రెండు మాటలను తండ్రికి చెప్పుటకు ఆమెకు నెలరోజులుగా నోరు రాలేదు. తండ్రి విని చాలసేపు ఊరకుండి, "మాట ఇచ్చేశాం మాష్టారూ" అనెను. నాగరాజు ఇచ్చిన మాటయే, రాజు నిలుపుకొన్న మాటయే మా చెవిలో మ్రోగెను గాని, ఆయనతో ఆ సంగతి చెప్పుటకు అది సమయము కాదు. తుదకు పిల్లలిద్దఱు ఫోనులో మాటలాడునట్లు ఏర్పాటయ్యెను. విచిత్ర మేమన, ఆ యువకుడును తనకు ఒకటి రెండేండ్లు గడువు కావలెనని తలంచుచుండెనట. వానిని సైతము వానివారు అడిగియుండలేదు! నిశ్చితార్థము పరీక్షల పిమ్మటికి వాయిదాపడినది. పరీక్షలు వేసవిలో. ఆ తరువాత నేమగునో మేము చెప్పజాలము. కట్నముమాట యింకను ఎవరును ఎత్తలేదు. ఎత్తకుండుటయే మాకు దిగులు.

రెడ్డిగారి చిత్రములకు మఱల వత్తము. 'బంగారు పాప' (1955) మాకు మల్లీశ్వరికంటెను ఇష్టమైనదని చెప్పినచో మిత్రులు వాదమునకు దిగుదురు. జార్జి ఎలియట్ యను కలముపేరుతో వ్రాసిన ఆంగ్లరచయిత్రి నవల 'సైలస్ మార్నర్' (1861) దీనికి మాతృక. మనుష్యులయెడ నమ్మకము పోగొట్టుకొని బండబాఱిన కోటయ్య, దిక్కులేని పసిబిడ్డను చేరదీయుటతో మఱల మనుష్యుడగును. కోటయ్య పాత్ర ఎస్. వి. రంగారావుగారిది. అంత పెద్ద విగ్రహము, అంతటి గంభీరస్వరము. ఆయన పసిపిల్లను ఎత్తుకొను తీరు చూడవలెను, కుండ పగులునేమో యని జంకుచు పట్టుకొన్నట్లు. పాలగుమ్మి పద్మరాజుగారు ఈ చిత్రముతో సంభాషణారచయితగా ప్రవేశించిరి. చిత్రము ధనము తేలేదు. ధనము తేనివానిని అపజయము లనుట వర్తకుల పరిభాష.

ఎలియట్ నవలలో ఒక ఘట్టము కలదు. పదునాఱేండ్ల పిమ్మట ధనికుడగు కన్నతండ్రి వచ్చి, ఈమె నా బిడ్డ, మా యింటికి పంపుమనును. పెంచిన నేతగాడు సైలస్, హక్కు నాదనడు. నిర్ణయమును ఆ పిల్లకే విడిచిపెట్టును. ఆమె తన నోట తాను సమాధానము చెప్పును. పెంచినవానికడనే యుందు ననును. రెడ్డిగారిని ప్రపంచమందలి యిన్ని నవలలలో ఈ నవలయే యేల ఆకర్షించినదో మాకు తెలిసినట్లు తోచుచున్నది. మల్లి నెవ్వ రడుగని చిత్రమును ముగించినవెంటనే, ఒక పిల్లను అడిగిన కథను వారు చేతబట్టిరి.

'భాగ్యరేఖ' (1957), 'రాజమకుటం' (1960) చిత్రములను మేము అభిమానమువలన ఒకసారి చూచితిమి. రెండవసారి చూడవలెనని తోచలేదు. 'రాజమకుటం' జానపదకథ. కత్తియుద్ధములు రెడ్డిగారికి అచ్చిరావు; ఆ విద్యలో వారి శిష్యప్రాయులగు కె. వి. రెడ్డిగారు దిట్టలు.

'పూజాఫలం' (1964) మాత్రము వదలరానిది. మునిపల్లె రాజుగారి నవల దీనికి ఆధారము. అక్కినేని నాగేశ్వరరావుగారు ధరించిన మధు, సంపన్నుడు, సంకోచశీలుడు, సంగీతప్రియుడు. జమునగారు ధరించిన వసంత అతనితో చనువుగా మెలగును. ఆ చనువును అతడు ప్రేమయని తలంచి మనస్సులో గుడి కట్టుకొనును. గుడి కట్టినవాడు దేవిని ఒక్కమాట అడిగినచో గుడి కూలియుండును, కాని మనిషి నిలిచియుండును. అతడు అడుగడు. ఇంతవఱకు రెడ్డిగారి చిత్రములలో అడుగబడని స్త్రీలను చూచితిమి. ఇందు అడుగలేని పురుషుని చూచితిమి. సిగ్గరియగు సజ్జనుడు మనకు ముచ్చటగా నుండును. అతని మౌనమునను ఒక అహంకారము కలదని, తన యూహయే యెదుటివారి యిష్టమని నమ్ముట అందఱును చేయు పనియని, ఈ చిత్రము నెమ్మదిగా చెప్పును. సావిత్రిగారు సీతగా ఇందు ఎంత తక్కువ మాటలాడి యెంత చెప్పిరో వేఱుగా వ్రాయవలసిన విషయము.

'రంగులరాట్నం' (1966) పల్లెనుండి పట్టణమునకు కొట్టుకొని వచ్చిన కుటుంబముకథ. చంద్రమోహన్‌గారికి ఇదియే తొలిచిత్రము. అన్నదమ్ములు ఎన్నికలలో ఎదురెదురు పక్షముల నిలుతురు. తల్లి నడుమ నలుగును. అంజలీదేవిగారు తల్లి. ఆ చిత్రమున అందఱును ఊరివారిని ఓటడుగుచుందురు. ఇంటిలోని తల్లిని మాత్రము ఏమమ్మా నీ మాట యేమని అడుగువారు లేరు. దీనిని మేము మొదట చూచినప్పుడు హాస్యముగా నవ్వితిమి. మా యూరి పంచాయతీ యెన్నికలు చూచినపిమ్మట నవ్వు రాలేదు. మహిళలకు కేటాయించిన స్థానమున నిలిచిన యామె పేరు గోడలమీద నుండెను. ఆమె ముఖమును మాత్రము మేము ఫలితము వెలువడిన దినమున తొలిసారి చూచితిమి. నామపత్రముమీద ఎవరు చేవ్రాలు చేయించిరో ఊరందఱు నెఱుగుదురు.

కడపటిది 'బంగారు పంజరం' (1969). శోభన్‌బాబుగారును వాణిశ్రీగారును నటించిరి. పల్లెపిల్ల సంపన్నగృహమునకు కోడలై వచ్చిన కథ. చిత్రమున బిగువు తగ్గినది. వయస్సు మీఱిన దర్శకుని అలసట అక్కడక్కడ కనబడును. పేరు మాత్రము చూడుడు. పదునెనిమిదేండ్ల క్రిందట మల్లి ప్రవేశించిన ఆ రాణివాసమునకే ఈ పేరు తగును.

వచ్చు నెలలో మా యూరి గ్రంథాలయమున ఆదివారము 'దేవత'ను చూపవలెనని నిశ్చయించితిమి. గ్రంథాలయసంఘమున ఒక పెద్ద, దాసిపిల్ల గర్భవతియగు కథ ఆడువారు చూడదగినదా యని సందేహించెను. ఆడువారు చూడదగినదో కాదో ఆడువారినే అడుగుదమని మా గృహిణి యింటింటికి పోయి అడిగి వచ్చినది. ఇరువదిముగ్గురు వత్తుమని చెప్పిరి. అందులో నలుగురు మా వీధి యిండ్లలో అంట్లుతోము పనిచేయువారు. వారికి ఆదివారము ఉదయమున సెలవు దొరకదు గావున, ఆటను మధ్యాహ్నము మూడుగంటలకు మార్చితిమి.